ఆసుపత్రి హాల్లో నిద్ర

పోయిన వారం టైలరమ్మను కళ్ళద్దాల దుకాణం మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఒక చేతిలో మూడు అరల క్యారియరు, మరో చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు. కూతురు రెండు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. ఇంటికి వెళ్తే తమ్ముడి ముందు నోరు విప్పదు కాబట్టి, పనిచేసే చోటే పట్టుకుని అడుగుదామని వచ్చింది.

ఇల్లు రెండైనా మనుషులు ముగ్గురే. కర్టెన్లు కుట్టి బతికే తల్లిని వీధంతా టైలరమ్మ అంటుంది. కూతురు అమ్మడుకి ముప్పై నాలుగేళ్ళు. ఈ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీస్తుంది. కొడుక్కి ముప్పై నిండలేదు. ఆరడుగుల మనిషి. తలుపు కింద తల వంచి దాటుతాడు, అయినా వాడు ఇంట్లో బుడ్డోడే. ఇరవయ్యో ఏట వాడి మనసు చెదిరింది. ఎవరూ లేని గదిలో ఎవరితోనో మాట్లాడడం, అన్నం ముద్దను వాసన చూసి వదిలేయడం, రాత్రంతా నడవడం. తండ్రి ఆ దిగులుతోనే పోయాడు. నాలుగేళ్ళ క్రితం తల్లి వాణ్ణి అక్క దగ్గరికి మార్చింది. "అక్కడైతే ఆసుపత్రి దగ్గరవుతుంది" అని అందరికీ చెప్పింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం క్యారియరుతో వెళ్ళి, ఇద్దరి బట్టలూ ఉతికి ఆరేసి, వాడి మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్ది, చీకటి పడకముందే వచ్చేస్తుంది. కూతురికి తాను కొండంత అండగా ఉన్నానని ఆమె నమ్మకం.

ఆ నమ్మకంతోనే దుకాణం తలుపు తోసింది.

అద్దాలాయన కౌంటరు మీదికి వంగి ఏదో వెతుకుతున్నాడు. వెతుకుతున్న కళ్ళజోడు ఆయన నుదుటి మీదే ఉంది. తలెత్తి ఆమెను చూడగానే దాన్ని కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"అమ్మగారూ, మీరా! రండి రండి. అమ్మాయికి ఎలా ఉంది?"

"ఎలా ఉండడమేంటండీ? పనిలో లేదా?"

ఆయన మొహం పాలిపోయింది. కౌంటరు పలక తెరిచి ఇవతలికి వచ్చి కుర్చీ లాగాడు.

"కూర్చోండి."

"కూర్చోను. ఇవాళ రాలేదా?"

"ఇవాళ కాదమ్మా. ఇరవై రెండు రోజులైంది."

టైలరమ్మ కుర్చీ పట్టుకుంది. మొన్న ఆదివారం కూడా అడిగింది కూతుర్ని, పని ఎలా ఉందని. బాగానే ఉందమ్మా అంది అమ్మడు. సోమవారం పొద్దున్నే వెళ్ళాలి, ఇస్త్రీ చేసిన జాకెట్టు ఏదీ అని కూడా అడిగింది.

"తీసేశారా?" అంది.

"తీసేయడమా! నేనా?" అద్దాలాయన నొచ్చుకున్నాడు. "ఇటు రండి."

వెనకగది ఇరుకు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద అరచేయంత చక్రం, దాని మీద నీటిబొట్లు పడేందుకు సన్నటి గొట్టం. అద్దం అంచును ఫ్రేముకి సరిపోయేలా ఈ చక్రం మీదే అరగదీస్తారు. బల్ల ముందు ఎత్తు స్టూలు ఖాళీగా ఉంది. కూర్చునే చోట పాత స్వెటరు మడతపెట్టి ఉంది. ఆ స్వెటరు అల్లింది టైలరమ్మే.

"తొమ్మిదేళ్ళమ్మా. మీ అమ్మాయి చెయ్యి పెడితే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఆర్నెల్ల నుంచి మొదలైంది. ఎడమ కంటి అద్దం కుడివైపు బిగించింది. పాపం ఒక పెద్దాయన అది పెట్టుకుని మెట్లు దిగుతూ పడ్డాడు. నేనేదో సర్దిచెప్పుకున్నాను. మళ్ళీ వారానికే ఇంకోటి. ఏమ్మా, ఒంట్లో బాలేదా అంటే, నిద్ర చాల్లేదు సార్ అనేది, నవ్వేది." ఆయన చక్రాన్ని వేలితో మెల్లిగా తిప్పాడు. "ఆ రోజు నేను ఇక్కడే, ఈ గుమ్మంలోనే ఉన్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయండీ. చేతిలో అద్దం జారి కింద పడిపోయింది, వేలు మాత్రం చక్రం మీదే ఉంది. అమ్మాయ్ అమ్మాయ్ అని అరుస్తున్నాను, వినపడితేగా! నేను ఉరికొచ్చి స్విచ్ ఆపేసరికి గోరు సగం పోయింది. అప్పుడు కూడా ఏడవలేదు. నెత్తురు చూసి, 'అయ్యో, అద్దం పాడైందా సార్' అంది."

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదా అండీ?"

"ఒట్టు వేయించుకుంది. అమ్మకి చెబితే వంట చేసి పట్టుకొస్తుంది సార్, అంతకంటే ఏం చెయ్యలేదు, అనవసరంగా బెంగపెట్టుకుంటుంది, అంది." ఆ మాట అనేశాక ఆయన క్యారియరు వంక చూసి తల తిప్పుకున్నాడు. "పదిరోజులు కంటినిండా నిద్రపోయి రమ్మని పంపాను. స్టూలు అలాగే ఉంచాను. ఇంకెవర్నీ పెట్టలేదు."

"మరి రోజూ పొద్దున్నే తయారై ఎక్కడికి పోతోంది?"

ఆయన గుడ్డ తీసుకుని చక్రం మీది తడి తుడిచాడు.

"పోయిన బుధవారం మా ఆవిణ్ణి మోకాళ్ళకి చూపిద్దామని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. కంగారుపడకండి, జబ్బూ గిబ్బూ కాదు. ఎముకల డాక్టర్ల హాల్లో మీ అమ్మాయి చివరి వరసలో కూర్చుని ఉంది. మేం వెళ్ళేటప్పుడు నిద్రపోతోంది. రెండు గంటల తర్వాత వచ్చేటప్పుడు కూడా నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదమ్మా."

*

పెద్దాసుపత్రికి అక్కణ్ణుంచి రెండే స్టాపులు. ఆమె బస్సు కోసం ఆగలేదు. వానలో నడిచింది. మోకాళ్ళు సలుపుతున్నా నడిచింది. అంతకంటే ఏం చెయ్యలేదు అన్న మాట చెవిలో గింగురుమంటోంది. ప్రతి ఆదివారం తెల్లారకముందే లేచి ఎన్ని వండింది! కూతురు ఎన్నడూ వద్దనలేదు. డబ్బాలు తీసుకుని, కడిగి, బోర్లించి ఇచ్చేది. ఇప్పుడు గుర్తొస్తోంది, తింటున్నప్పుడు అమ్మడు మొహం ఎలా ఉందో తాను ఏనాడూ చూడలేదు. చూసుకున్నదల్లా గోడ గడియారాన్ని. చీకటి పడేలోగా బయటపడాలని.

హాలు జనంతో కిటకిటలాడుతోంది. కట్లు కట్టిన కాళ్ళు, చేతికర్రలు, మెడపట్టీలు. గోడ మీద ఎర్ర అంకెలు మారినప్పుడల్లా ఎవరో ఒకరు ముక్కుతూ మూలుగుతూ లేస్తున్నారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళను ఎందుకు కూర్చున్నారని అడిగేవాళ్ళు లేరు. చేతిలో చీటీ ఉంటే చాలు.

అమ్మడు చేతిలోనూ చీటీ ఉంది. నలిగి, మడతల దగ్గర చిరిగి, ఎన్నాళ్ళదో. కట్టు కట్టిన చూపుడువేలితో దాన్ని గుండెకి అదుముకుని, చివరి వరసలో గోడకి తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పెదవి చివర తడి. బుగ్గలు లోపలికి పోయాయి. పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు గుప్పెడు.

టైలరమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. లేపుదామని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. కూతురు నిద్రపోతుంటే చూసి ఎన్నేళ్ళయిందో. ఎర్ర అంకెలు నలభై ఒకటి నుంచి అరవై మూడు దాకా పోయాయి. మధ్యలో ఒకసారి అమ్మడు తల జారి తల్లి భుజం మీద పడింది. ఆమె ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. భుజం తిమ్మిరెక్కింది. ఉండనీ అనుకుంది.

ఎవరి చేతికర్రో జారి నేలమీద ఠంగుమంది.

"ఉన్నా... ఉన్నాన్రా బుడ్డోడా, ఇక్కడే ఉన్నా" అంటూ అమ్మడు ఉలిక్కిపడి లేచింది. కళ్ళు తెరిచింది గానీ ఇంకా చూడడం లేదు. ఆ తర్వాత చూసింది. తల్లిని, ఆమె ఒళ్ళో క్యారియరును.

కోపం వస్తుందనుకుంది టైలరమ్మ. రాలేదు. అమ్మడు చీటీని మెల్లిగా మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"అద్దాలాయన చెప్పాడా?"

"చెప్పకపోతే? ఇంకెన్నాళ్ళు దాచేదానివి? ఇదేం పిచ్చిపనే అమ్మడూ! నిద్ర కావాలంటే ఇంట్లో పడుకోవచ్చు కదా, ఈ రోగాల మధ్య..."

"ఇంట్లోనా?" అమ్మడు నవ్వింది. "ఇప్పుడు లేస్తూ ఏమన్నానో విన్నావా?"

"ఉన్నానన్నావు."

"రాత్రి పదింటికి మొదలుపెడతాడు. 'అక్కా, ఉన్నావా?' ఉన్నాన్రా అనాలి. అంటే పావుగంట నడుస్తాడు. మళ్ళీ 'అక్కా, ఉన్నావా?' తెల్లవారేదాకా అదే. అనకపోతే వచ్చి తల దగ్గర కూర్చుంటాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాడు, ఊపిరి ఉందో లేదోనని. మాత్రలు మార్చిన దగ్గర్నుంచి ఇదే వరస. ఆర్నెల్లు. పొద్దున్నే వాడు నిద్రపోతాడు. నేను పనికెళ్ళాలి."

"నాతో చెప్పొచ్చు కదే."

"చెప్పలేదా?"

అమ్మడు గొంతు పెంచలేదు. అయినా ముందు వరసలో కాలికి కట్టున్న మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

"మూడుసార్లు చెప్పానమ్మా. మొదటిసారి, వాణ్ణి ఒక్క వారం నీ దగ్గర ఉంచుకో, ఒళ్ళు తెలీకుండా పడుకుంటానన్నాను. ఇంటికి సున్నం వేయిస్తున్నానన్నావు. రెండోసారి అడిగితే నీ మోకాళ్ళు. మూడోసారి పక్కింటివాళ్ళు ఒప్పుకోరు అన్నావు. సరే, నువ్వే వచ్చి నా దగ్గర రెండు రాత్రులు ఉండు, నువ్వు ఉన్నానని చెప్పు వాడికి, అంటే కుట్టుపని ఆగిపోతుందన్నావు. ఏ ఆదివారమైనా ఆరింటి తర్వాత ఉన్నావా నువ్వు? నీ మనసులో ఏముందో నాకు తెలీదనుకోకు. నాన్న పోయి, వాడూ నా దగ్గరికొచ్చాక నీకు కాస్త నెమ్మది దొరికింది. అది పోగొట్టుకోవడం నీకిష్టం లేదు. అంతేగా? అంతేనని చెప్పు, నేనేం అనుకోను. నాకు కూడా నెమ్మదిగా ఉండాలనే ఉంది."

అవునని అంటే సరిపోయేది. స్వార్థపరురాలైన తల్లి అనే పేరు మోయడం అంత కష్టం కాదు. టైలరమ్మ ఆ మాట కోసం నోరు తెరిచింది కూడా. కానీ కూతురు వేలి కట్టు మీద చిన్న ఎర్రటి మరక కనిపించింది. ఇప్పుడే నిద్రలో ఎక్కడో ఒత్తుకుని ఉంటుంది.

"నెమ్మది కోసం కాదు" అంది. "వాడంటే నాకు భయం."

అమ్మడు తల్లివైపు పూర్తిగా తిరిగింది.

"భయమా? నీకా? బుడ్డోడంటేనా?"

"నాలుగేళ్ళ కిందట, చలికాలం. మధ్యాహ్నం. నేను మిషను మీద ఉన్నాను. వెనక నుంచి వచ్చి మిషను చక్రం ఆపాడు. 'నువ్వు మా అమ్మవి కాదు' అన్నాడు. అరవలేదే, నన్నేదో అడ్రసు అడుగుతున్నట్టు మామూలుగా అన్నాడు. 'మా అమ్మని ఎక్కడ దాచావు?' అన్నాడు. నేను నవ్వేశాను. నాన్నా, నేనేరా అన్నాను. రెండు చేతులతో నా మెడ పట్టుకున్నాడు." ఆమె ఒళ్ళోని క్యారియరు పిడిని గట్టిగా పట్టుకుంది. "ఎంతసేపో తెలీదు. కళ్ళ ముందు కిటికీ నల్లబడిపోయింది. ఉన్నట్టుండి వదిలేసి, కింద కూలబడి, నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. అయిదు నిమిషాల తర్వాత లేచి, అమ్మా ఆకలేస్తోంది అన్నాడు. వాడికేమీ గుర్తులేదు. అన్నం పెట్టాను."

"అప్పుడు... నువ్వు మెడకి గుడ్డ చుట్టుకుని తిరిగావు. గొంతునొప్పి అన్నావు."

"అన్నాను."

"ఆ నెలలోనే వాణ్ణి నా దగ్గరికి పంపావు."

టైలరమ్మ పైట కొంగును మెడ చుట్టూ లాక్కుంది.

అమ్మడు లేచి నిలబడింది. నిలబడి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చుంది. ముందువరస మనిషి చేతికర్ర అందుకుని దూరంగా వెళ్ళిపోయాడు.

"తెలిసే పంపావా అమ్మా? ఇది తెలిసి కూడా, నాకొక్క మాట చెప్పకుండా, బట్టల పెట్టెతో పాటు వాణ్ణి దింపేసి వెళ్ళిపోయావా?"

"నువ్వంటే వాడికి ప్రాణం. నిన్నేమీ చెయ్యడని..."

"ఎవరు చెప్పారు నీకు? నిన్ను మాత్రం చేస్తాడని అనుకున్నావా?" అమ్మడు పెదవులు తెల్లబడ్డాయి. "నాలుగేళ్ళు తలుపు బార్లా తెరుచుకుని పడుకున్నానమ్మా. గడియ పెడితే వాడు బెదిరిపోతాడని. వాడు వచ్చి ముక్కు దగ్గర వేలు పెడుతుంటే కదలకుండా పడుకున్నాను, పాపం పిచ్చినాయన అనుకుంటూ. నువ్వేమో ఆదివారం ఆదివారం వచ్చి, నేను బతికున్నానో లేదో చూసుకుని, ఆరింటిలోపు వెళ్ళిపోయావు."

"డాక్టరుకి చెబితే వాణ్ణి తీసుకెళ్ళి గదిలో పడేస్తారనుకున్నానే. ఒకసారి లోపలికెళ్తే మళ్ళీ రానివ్వరేమోనని. నీకు చెబితే నువ్వూ భయపడతావు, అప్పుడు వాడికి ఇంకెవరూ ఉండరు. ఒక్కరైనా భయపడకుండా ఉండాలనుకున్నాను వాడి దగ్గర."

"ఆ ఒక్కరూ నేనే కావాలి."

"నేను కాలేకపోయాను."

గోడ మీద ఎర్ర అంకెలు మారుతూ పోయాయి. తొంభై. తొంభై ఒకటి. తొంభై రెండును పిలిచారు, ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు.

"వాడు నన్ను ఒక్కసారి కూడా చెయ్యెత్తి కొట్టలేదు" అంది అమ్మడు చివరికి. ఆ మాట తల్లితో అన్నట్టు లేదు. "అయినా ఇకమీదట వాడు ముక్కు దగ్గర వేలు పెడితే నేను అలా పడుకోలేను. నీ మెడ గుర్తొస్తుంది. నాలో ఆ ధైర్యం ఒక్కటే మిగిలింది, అది కూడా తీసేసుకున్నావు ఇవాళ."

చేతిసంచి తెరిచి తాళంచెవి తీసి క్యారియరు మూత మీద పెట్టింది.

"నువ్వెళ్ళు. మూడింటికి లేస్తాడు. లేచాక మాత్ర వేసుకోవాలి, తెల్లది. నేను రాను. ఇవాళ రాను. రేపటి సంగతి నాకు తెలీదు."

"ఎక్కడ ఉంటావే?"

"ఇక్కడే. ఇది మూసేశాక ఇంకెక్కడైనా. నన్ను నిద్రపోనీ అమ్మా."

అని మళ్ళీ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. టైలరమ్మ తాళంచెవి తీసుకుని, క్యారియరు కుర్చీ మీద కూతురి పక్కనే వదిలి, లేచింది.

*

ఆసుపత్రి నుంచి అమ్మడు ఇంటికి పదినిమిషాల నడక. ఆమెకు అరగంట పట్టింది. ప్రతి మలుపు దగ్గరా ఆగింది. డాక్టరు దగ్గరికి ముందు వెళ్ళి అంతా చెప్పేస్తే? చెప్పాలి. ఇవాళే చెప్పాలి. కానీ వాడు లేచేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే, అక్కా ఉన్నావా అని పిలిస్తే, పలికేవాళ్ళు లేకపోతే... ఆ ఆలోచన దగ్గరే కాళ్ళు మళ్ళీ కదిలేవి. ముందు మాత్ర వేస్తాను. పక్కన కూర్చుంటాను. ఆ తర్వాత డాక్టరుకి ఫోను చేస్తాను. ఇలా తనకు తానే పని పురమాయించుకుంటూ మూడంతస్తులూ ఎక్కింది.

తాళం తిప్పి తలుపు తోసింది. గంట రెండైనా కాలేదు. వాడు నిద్రపోతుంటాడు.

బుడ్డోడు నిద్రపోవడం లేదు. వంటగది గుమ్మంలో పీట మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కాళ్ళకి బూట్లున్నాయి. బూట్ల చుట్టూ నేలమీద నీళ్ళు మడుగు కట్టాయి.

ఏడాదిగా వాడు గడప దాటలేదని అమ్మడు చెబుతూ వచ్చింది. డాక్టరుకీ అదే చెప్పింది.

"తడిసిపోయావేంట్రా నాన్నా?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎక్కడికెళ్ళావు?"

"రోజూ వెళ్తాను" అన్నాడు. నిదానమైన, మర్యాదగల గొంతు. "అక్క వెళ్ళాక, మేకుకున్న రెండో తాళంచెవి తీసుకుని వెళ్తాను. అక్క రావడానికి ముందే వచ్చేస్తాను. అక్కడ అందరూ తిరుగుతుంటారు కదమ్మా, అక్క అలా నోరు తెరుచుకుని పడుకుంటుంది. సంచి ఎవరైనా తీసుకుపోతారు. నేను స్తంభం వెనక నిలబడతాను. చెవులు బాగా వినిపిస్తాయి నాకు. అక్క ఊపిరి కూడా వినిపిస్తుంది."

టైలరమ్మ వీపు తలుపుకి తగిలింది.

"ఇవాళ నువ్వొచ్చావు" అన్నాడు వాడు. "అక్క తల నీ భుజం మీద పెట్టుకున్నావు. బాగుంది. అప్పుడే వచ్చేద్దామనుకున్నాను. వచ్చేసుంటే బాగుండేది."

"బుడ్డోడా..."

"నేను నీ మెడ పట్టుకున్నానా అమ్మా?"

బయట వాన మేడ మీది రేకుల మీద దబదబా పడుతోంది. ఆమె ఏళ్ళ తరబడి కట్టిపెట్టుకున్న అబద్ధాలన్నీ నాలుక చివరికి వచ్చాయి. లేదురా, అక్కని నమ్మించడానికి అలా అన్నాను. లేదురా, నువ్వు సరిగ్గా వినలేదు. ఒక అబద్ధానికి అమ్మడు వేలి గోరు పోయింది. రెండో అబద్ధం ఎవరిమీద పడుతుందో.

"అవున్రా" అంది. "పట్టుకున్నావు."

వాడు తలూపాడు. రెండు మూడుసార్లు ఊపాడు. పీట మీంచి లేచి ఆమెవైపు వచ్చాడు. ఆమె పక్కకి జరిగింది. వాడు ఆమెను తాకకుండా, ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి పై గడియ వేశాడు. తర్వాత వంగి కింది గడియ కూడా వేశాడు.

"ఎవరైనా వస్తే మనం మాట్లాడుకోలేం" అన్నాడు. "నాకు గుర్తులేదమ్మా. తల బద్దలయ్యేలా ఆలోచించాను, దారంతా. గుర్తు రాలేదు. నాకు తెలియకుండా నా చేతులు ఇంకా ఏం చేశాయో ఎవరు చెబుతారు నాకు? మాత్రలు వేసే డాక్టరు చెప్పడు. అక్క చెప్పదు. నువ్వు చెప్పు. ఎలా పట్టుకున్నాను?"

"వద్దురా. కూర్చో. మాత్ర వేసుకో ముందు."

"ఎలా పట్టుకున్నాను?"

రెండు చేతులూ ముందుకు చాపాడు. పెద్ద చేతులు, తండ్రి చేతులే. వానకి వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. వాడి కళ్ళలోకి చూసింది టైలరమ్మ, నాలుగేళ్ళలో మొదటిసారి తప్పించుకోకుండా. అక్కడ ఆ మధ్యాహ్నపు మనిషి లేడు. బెదిరిపోయిన తన కొడుకు ఉన్నాడు. అలాగని ఆ మనిషి తిరిగి రాడని ఎవరు చెప్పగలరు? ఆమె అయితే చెప్పలేదు.

భయం పోలేదు. భయంతోనే చేతులెత్తి, వాడి రెండు మణికట్లూ పట్టుకుంది. అన్నం తినిపించేటప్పుడు, పలక మీద అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్న చేతులే. వాటిని మెల్లిగా పైకి తెచ్చి తన మెడకి రెండువైపులా ఆనించుకుంది. చల్లగా తగిలాయి. బొటనవేళ్ళు గొంతు మీద ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టింది.

"ఇలా" అంది.

వాడి వేళ్ళు కదల్లేదు. వాడు ఊపిరి బిగబట్టి తన చేతుల్ని చూస్తున్నాడు. కళ్ళలో నీళ్ళు నిండి బుగ్గల మీదికి జారుతున్నాయి. వాటిని తుడుచుకోవడానికైనా చేతులు తియ్యడం లేదు. ఆమె తన నాడి వాడి బొటనవేళ్ళ కింద కొట్టుకోవడం వింటోంది.

"నేనంటే ఇప్పుడు కూడా భయంగా ఉందా?" అన్నాడు గుసగుసగా.

"ఉంది. అయినా ఇక్కడే ఉన్నాను."

అప్పుడు మెట్ల మీద పరిగెడుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అంతస్తు, రెండో అంతస్తు. కళ్ళు మూసుకున్న అమ్మడికి ఆసుపత్రి హాల్లో నిద్ర పట్టలేదు. తల్లిని ఎవరి దగ్గరికి, ఏ మాట చెప్పించుకున్నాక, ఒంటరిగా పంపిందో తెలిసొచ్చి వానలో పడి పరిగెత్తుకొచ్చింది. తలుపు తోసింది. రాలేదు. మళ్ళీ తోసింది. పిడికిళ్ళతో దబదబా బాదింది.

"అమ్మా! అమ్మా, లోపలున్నావా? గడియ ఎందుకు పెట్టుకున్నారు? బుడ్డోడా! తలుపు తియ్! అమ్మనేం చేశావురా?"

ఆ అరుపుకి వాడు ఒక్కసారిగా ఉలిక్కిపడి తలుపువైపు తల తిప్పాడు. తిరిగి తల్లివైపు చూసేసరికి ఆ కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి గానీ, చూపు ఆమెను గుర్తుపట్టడం మానేసింది.

తలుపు దడదడలాడుతోంది. టైలరమ్మ మెడ మీద వాడి వేళ్ళు, ఒక్కొక్కటిగా, బిగుసుకోవడం మొదలుపెట్టాయి.